చెత్తను నొక్కు యంత్రము మన వంటయింటికి వలయునా?

వంటయింటిలోనికి వచ్చు వస్తువులను గూర్చి మనము మాటలాడుకొనినంతగా అచ్చటినుండి వెలుపలికి పోవువానిని గూర్చి మాటలాడుకొనము. నూనె యే కొట్టులో మంచిది, చింతపండు ధర యెంత, మిక్సీ యే రకమునది చిరకాలము మన్నును అను సంగతులు ఇద్దఱు స్త్రీలు కూడినచోట తప్పక వచ్చును. తొక్కలు, పొట్టు, పాలకవరు, పగిలిన సీసా యేమైనవని అడుగువారు మాత్రము అరుదు. కసువు గుమ్మము దాటినతోడనే అది మనది కాదని తలంచుట గొప్పయిండ్లవారికిని చిన్నయిండ్లవారికిని సమానముగనే అలవడినది.

అట్టి కసువుకొఱకై ప్రత్యేకముగ నొక యంత్రము కలదనియు, దానిని వంటయింటి గట్టుక్రిందనే అమర్చుకొందురనియు సోదరీమణులలో చాలమంది విని యుండరు. దానిని ట్రాష్ కంపాక్టర్ అందురు. అమెరికాలో వర్ల్‌పూల్ కంపెనీవారు 1969వ సంవత్సరమున ఇండ్లలో వాడుటకై దీనిని అమ్మకమునకు పెట్టిరి. సుమారు 15 అంగుళముల వెడల్పును, వంటగట్టు ఎత్తును గల పెట్టె యిది. సొరుగు లాగి, చెత్త వేసి, మరల మూసి మీట నొక్కినచో, మోటారుచే నడచు ఇనుపపలక పైనుండి దిగి ఒక టన్నుకు తక్కువ గాని బలముతో అదుమును. నాలుగు సంచుల చెత్త ఒక్క సంచిలో నిముడునని అమ్మువారు చెప్పుదురు. పొడి చెత్త విషయమున ఆ మాట చాలవఱకు నిజమే.

మా చెల్లెలు టెక్సాసు రాష్ట్రములోని డల్లాసు నగరమున కాపుర మున్నది. ఆమె యింట ఈ యంత్రము కలదు. క్రిందటి సంక్రాంతికి గండికోటకు వచ్చినప్పుడు, మా పెరటి దిబ్బను, కోటగోడవెంబడి గాలికి లేచు కవర్లను చూచి, "అక్కా, నీకూ ఒకటి తెప్పిస్తాను. ఈ కంపంతా ఇంట్లో లేకుండా పోతుంది" అని చెప్పినది. వెల వేయి డాలర్లకు పైమాట. అక్కడి యంత్రము 120 వోల్టులకు నడచును, మనకు వచ్చు కరెంటు 230 వోల్టులు. కావున వేఱుగ నొక ట్రాన్స్‌ఫార్మరు కూడ వలయును. ఐనను ఆమె ప్రేమతో చెప్పిన మాట.

నేను వెంటనే వలదనలేదు. క్రొత్తవస్తువు కనుపించినతోడనే ముఖము త్రిప్పుకొనుట పెద్దఱికమని కొందఱు తలంతురు గాని నా కట్టి యభిప్రాయము లేదు. మా యింటికి పిండిరుబ్బు గ్రైండరు వచ్చినప్పుడు అలసందవడల రుచి చెడిపోవునని మా అత్తగారు ఆఱు మాసములు వాదించి, ఏడవ మాసమున తామే మీట వేసిరి. చేతుల నొప్పి తీర్చిన యంత్రమును నిందింపరాదు. అయితే యంత్రము తీర్చు బాధ మన యింట నున్నదో లేదో మొదట చూచుకొనవలయును గదా! ఈ యంత్రము తీర్చునది ఒక్కటే బాధ: చెత్త ఎక్కువ చోటు ఆక్రమించుట. మా వంటయింటి బాధ అదియేనా యని తెలిసికొనుటకై ఫాల్గుణమాసమున వారము దినములు కసువును తక్కెడలో తూచి వ్రాసి పెట్టితిని.

మా యింట ఆఱుగురము. తొక్కలు, కాడలు, పొట్టు మొదలగు తడి కసువు దినమునకు ఒకటిన్నర మొదలు రెండు కిలోలవఱకు తేలినది. ప్లాస్టిక్ కవర్లు, పొట్లములు వారమంతటికిని కలిపి మూడు వందల గ్రాములకు మించలేదు. గాజు అనదగినది ఆ వారమున మాడిపోయిన బల్బు ఒక్కటే. అనగా వారమునకు సుమారు పండ్రెండు కిలోలు మన్నుగా మారునది, పిడికెడు మాత్రము మాఱనిది.

ఆ పండ్రెండు కిలోలును చెత్త యని పిలుచుట కూడ నాకు మనసొప్పదు. బియ్యము కడిగిన నీళ్లు, గంజి కుడితితొట్టికి పోవును. బీర, సొర తొక్కలు, ఆకుకూరల కాడలు, అరటితొక్కలు ఎనుమునకు ఒక్క పూటకైన చాలవు. మిగిలిన సంగటిముద్ద మఱునాటి యుదయమున మజ్జిగలో కలిసి మనుష్యులకే చెల్లును. చింతపిప్పి యిత్తడి బోకులు తోముటకు పనికివచ్చి, పిమ్మట దిబ్బ చేరును. ఎనుము ముట్టని ఉల్లిపొట్టు, టీపొడి, గ్రుడ్డుపెంకులు, మిరపతొడిమలు దిబ్బకే. ఏరువాకకు ముందు దిబ్బ చేనికి పోవును. ఎండకు బెట్టలు కట్టు మన సీమనేలకు ఈ ఎరువు ఆహారము మాత్రమే కాదు, కురిసిన నాలుగు చినుకులను పట్టి యుంచు దూదివంటిది కూడ. వానలు పుష్కలముగ నుండు దేశమునందు ఎరువు తక్కువైనను పైరు ఎట్లో బ్రదుకును. ఇచ్చట అట్లు కాదు.

దిబ్బ విషయమున ఒక మాట. మన యెండలకు పైకి పేర్చిన దిబ్బ లోపలివఱకు ఎండిపోవును. ఎండిన కసువు క్రుళ్లదు, గాలికి ఎగిరిపోవును. కావున మేము దిబ్బను మాని గుంత త్రవ్వించితిమి. అడుగున చొప్పతుక్కు, దానిపై వంటయింటి కసువు, దానిపై పలుచని పేడనీళ్లు, ఇట్లు పొరలు పొరలుగా నింపి, నిండినపిదప పైన జానెడు మందమున మన్ను మెత్తి విడిచిపెట్టవలయును. తిరుగవేయు శ్రమ లేదు, మాటిమాటికి నీరు చల్లవలసిన పని లేదు, ఈగలు ముసరవు. ఆఱు మొదలు ఎనిమిది మాసములలో నల్లని ఎరువు సిద్ధమగును. దాదాపు ఈ విధముననే పట్టణపు చెత్తతో ఎరువు చేయు పద్ధతిని ఆచార్య యను శాస్త్రజ్ఞుడు 1939లో బెంగుళూరున రూపొందించెను. వానలు తక్కువైన ప్రాంతములకు ఇది తగినదని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రెండు గుంత లుండిన, ఒకటి పండుచుండగా రెండవది నింపుకొనవచ్చును.

ఇక ఈ పండ్రెండు కిలోలను ఆ యంత్రములో వేసితి మనుకొందము. కూరగాయల తొక్కలలో ముప్పాతికకు తక్కువ గాకుండ నీరే యుండును. నీటిని ఎంత బలముతో నొక్కినను చిన్నది కాదు. తడిగుడ్డను పిండినట్లు ఆ రసమంతయు సంచి యడుగున దిగును. ఒక కుటుంబమువారి సంచి నిండుటకు నాలుగైదు దినములైన పట్టును. జమ్మలమడుగు ప్రాంతపు వైశాఖమున ఆ పెట్టె తెఱచినవా రెవరో, పిమ్మట ఆ పూట భోజనము చేయగలవా రెవరో చూడవలసినదే! అమెరికాలో సైతము మాంసము, చేపలు మొదలగు వాసన గొట్టువానిని ఈ యంత్రములో వేయవలదనియే సలహా యిత్తురు. అట్టివానిని పాత్రలు కడుగు తొట్టిక్రింద అమర్చిన మఱియొక యంత్రములో నలుగగొట్టి నీటితో పంపివేయువారు అనేకులు కలరు. అంతటి నీరు మనకు లేదు. ఇంకొక సంగతి: నొక్కినను పండ్రెండు కిలోలు పండ్రెండు కిలోలే. చోటు తగ్గును గాని మోయువాని బరువు తగ్గదు.

ఇంతవఱకు యంత్రము నిరుపయోగ మని మాత్రమే చెప్పితిని. కాని దానివలన కీడు కూడ కలదని నేను తలంచుటకు కారణము మా యెనుము.

మూడేండ్ల క్రిందట అది నెమరు వేయుట మానెను. ఎడమప్రక్క పొట్ట ఉబ్బి డప్పువలె నుండెను. పూటకు నాలుగు లీటర్లిచ్చు పాలు గ్లాసెడైనవి. ఇంటివైద్యములన్నియు అయినపిమ్మట పశువైద్యుని పిలిపించితిమి. ఆయన ప్రక్కను కోసి, మొదటి పొట్టలో చేయి పెట్టి తీయగా, తాడువలె పెనవైచికొనిన ప్లాస్టిక్ కవర్లు గంపెడు వెలువడెను. అందు కొన్నిటికి కట్టిన ముడి కట్టినట్లే యుండెను. తిని మిగిలిన అన్నమును కవరులో వేసి ముడి వైచి పాఱవైచిన కవర్లవి. అన్నపు వాసనకు, ఉప్పు రుచికి పశువు వచ్చును, దానికి వ్రేళ్లు లేవు, ముడి విప్పలేదు, అట్లే మ్రింగును. మ్రింగినది అరగదు, వెలుపలికి రాదు, ఏండ్లతరబడి లోపల చేరుచుండును. నాలుగవ దినమున ఎనుము చనిపోయెను. మా చిన్నమ్మాయి కాలేజీ జీతము ఆ పాలమీదనే గడచుచుండెను.

ఆ కవర్లు ఎవరివో నేను చెప్పలేను. కవరుమీద పాఱవైచినవాని పేరు వ్రాసి యుండదు. గండికోట నేడు దేశమంతయు నెఱిగిన స్థలము. ఎఱ్ఱమల కొండలను చీల్చికొని పెన్న పాఱు లోయను, మాధవరాయస్వామి యాలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును చూచుటకు వచ్చువారు ఏటేట పెరుగుచున్నారు. కోటగోడల లోపలనే ఊరు కూడ నున్నది గనుక వారి చెత్తయు మా చెత్తయు ఒక్కచోటనే కలియును. ఈ స్థలాభివృద్ధికై కేంద్రప్రభుత్వము 2024లో రు. 77.91 కోట్లు మంజూరు చేసినది. సంతోషమే; వచ్చువారు ఇంకను పెరుగుదురు. కాని లోయలో పడిన సీసాను దిగి తెచ్చువా డెవడు? పెన్నలో నీరు వచ్చినప్పుడు అది మైలవరము జలాశయమువైపు తన దారిని తాను పట్టును.

ఎనుము పోయినది కవరువలన కాదు, ముడివలన అని నేను చెప్పుచుందును. అన్నము విడిగా నున్నచో పశువు తినును, మేలే. కవరు విడిగా నున్నచో దానిని పశువు వెదకికొని రాదు. రెంటిని కలిపి కట్టుటయే విషము. ఈ యంత్రము చేయు పని యేమి? తడిని పొడిని, అన్నమును కవరును, గాజును గుడ్డను ఒక టన్ను బలముతో కలిపి కట్టుట. పిమ్మట వానిని వేఱుచేయుట దేవతలకును శక్యము కాదు. 2016వ సంవత్సరపు ఘనవ్యర్థముల నిబంధనలలో తడి, పొడి, ప్రమాదకరము అని మూడు విధములుగ ఇంటిలోనే వేఱుచేయవలయునని విధించినది ఇందుకే. ఆ నిబంధనను మా జేజి చదువలేదు గాని, కుడితికి వేఱు, దిబ్బకు వేఱు, బూడిదకు వేఱు అని ఆమె యింట మూడు తట్టలుండెడివి. ఆ తట్టలలో ప్లాస్టిక్ లేదు. అది యొక్కటే భేదము.

ఈ మాటలన్నియు విని మా చెల్లెలు ఊరకుండలేదు. "నీకు ఎనుముంది, గుంతుంది, చెల్లింది. కడపలో మూడో అంతస్తులో ఉండే వదినకేం చెప్తావక్కా?" అని ఫోనులో నిలదీసినది. ఇది న్యాయమైన ప్రశ్న. డల్లాసులో ఆమెకు పశువు లేదు, దిబ్బ లేదు. వారమునకు ఒక్కమారు బండి వచ్చును. అమెరికాలో కొన్ని ఊళ్లలో సంచుల లెక్కకే రుసుము కట్టవలయును. అట్టిచోట నాలుగు సంచులు ఒకటైన లాభమే గదా. ఐనను, కాగితము, సీసాలు, డబ్బాలకు వారి నగరమువారు వేఱుగ పెద్దబుట్ట నిచ్చినపిదప యంత్రమునకు పని చాల తగ్గిన దని ఆమెయే ఒప్పుకొన్నది. దీపావళికి నలుబదిమంది భోజనమునకు వచ్చినప్పుడు తప్ప దాని సొరుగు తెఱచుట లేదట.

కడపలోని మా వదిన సంగతి చూతము. మేడమీది కాపురమైనను కసువులో ఎక్కువభాగము తడిదే. ప్రక్కలకు చిన్న రంధ్రములు చేసిన మట్టికుండలు రెండు, కొబ్బరిపీచు పొట్టు గాని ఎండుటాకులు గాని కొంచెము, పుల్లమజ్జిగ గ్లాసెడు — ఇవి యుండిన వరండాలోనే ఎరువగును. వేసిన ప్రతిమారు పైన పిడికెడు పొట్టు కప్పవలయును. అది మఱచినచో వాసన. మా వదిన మొదటి నెలలో రెండుమార్లు విసిగి, మూడవ నెలలో కరివేపాకు కుండీకి ఆ ఎరువే వేసినది. అంత ఓపిక లేనివారు తడిని విడిగా బండివాని కిచ్చినను చాలును. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రమున ప్రారంభమైన క్లాప్ పథకములో పట్టణములందు పచ్చ, నీలము, ఎఱుపు బుట్టలు పంచిరి. ఆ వెంట విధించిన చెత్తపన్ను జనులకు రుచింపక 2024లో రద్దగుట సోదరీమణు లెఱుగుదురు. పన్ను పోయినను బుట్టలు పోలేదు. అవి చాలయిండ్లలో బియ్యమునకును, పిల్లల బొమ్మలకును వాడబడుచున్నవి!

ఎఱ్ఱబుట్ట మాట వచ్చినది గనుక, పురుషులు వ్రాయని సంగతి నేను వ్రాయుదును. నెలసరి ప్యాడ్లు, పసిబిడ్డల డైపర్లు ఎచ్చటికి పోవును? తడిలో కలిపినచో ఎరువు చెడును. పొడిలో కలిపినచో ఏరువారు దానిని చేతితో పట్టవలసి వచ్చును. ఊరిచెత్తను ఏరుచున్నవారిలో అనేకులు స్త్రీలే. నలుగురిలో అనుటకు మనము సిగ్గుపడు వస్తువును మఱియొక స్త్రీ చేతిలో పెట్టుటకు సిగ్గుపడకుండుట వింతగ నున్నది. కాగితములో చుట్టి, పైన ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టి విడిగా నిచ్చుట మనము చేయగల కనీసపు మర్యాద. ఉతికి వాడుకొను మెత్తని గుడ్డప్యాడ్లు ఇప్పుడు మరల వచ్చినవి. మా అమ్మాయికి కుదిరినవి. వీనిని యంత్రములో నొక్కించి, పగిలిన గాజుతో కలిపి, పదికిలోల బిగుతైన మూటగా అందించినచో ఆ పనివారి చేతులేమగునో చెప్పనక్కఱలేదు.

ఇక మిగిలినది ఆ పిడికెడు ప్లాస్టిక్. 2022 జూలై 1 మొదలు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషిద్ధములైనవి గాని, పాలకవరు, నూనెకవరు, షాంపూ పొట్లము అందులో చేరలేదు. కట్టెలపొయ్యి రాజేయుటకు కవరు ముట్టించు అలవాటు మన పల్లెలలో చాలయిండ్ల నున్నది. ఆ పొగలో డయాక్సిన్ల వంటి ఘోరమైన విషము లుండగలవు. పొయ్యి యెదుట కూర్చుండునది మనము, మన యొడిలోని బిడ్డలు. ఎండుటాకు, కొబ్బరిపీచు దొరకని యిల్లు లేదు; దయచేసి కవరును పొయ్యికి చూపకుడు.

మా యింట పాలకవరును మూల పూర్తిగా త్రుంచక కొంచెము అంటియుండునట్లు కత్తిరింతుము. త్రుంచిన ఆ చిన్నతునుకయే కాలువ చేరునది, కోడి గొంతులో పడునది. నూనెకవరును నిలువున చీల్చి, అంటిన చమురును జొన్నపిండితో తుడిచినచో ఆ పిండి రొట్టెకు వచ్చును. కడిగి, దండెమున ఆరవైచి, బియ్యపుసంచిలో మడిచి పెట్టినవానిని పాతసామానులు కొనువాడు తూకమునకు తీసికొనును. చిప్సు, షాంపూ పొట్లములను వాడు ముట్టడు; అందు ప్లాస్టిక్, అల్యూమినియము పొరలు ఒకదానికొకటి అంటి యుండును. వానిని ఖాళీ నీళ్లసీసాలో వేసి పప్పుగుత్తి కాడతో కూరుదుము. లీటరు సీసాలో కిలోలో మూడవవంతు పట్టును. గట్టిగా కూరిన సీసా యిటుకవలె నుండును. పెరటిలో కొత్తిమీర మడి చుట్టు వానినే పాతితిమి. మా యింటి చెత్త నొక్కు యంత్రము ఇదియే. దానిని నడుపునది మా అత్తగారు. మధ్యాహ్నము టీవీ చూచుచు కూరుచుందురు.

నొక్కుటవలన ఎవరికిని ప్రయోజనము లేదని నేననను. కోటకు వచ్చువారికి భోజనము వండిపెట్టు సోదరి యొకతె కలదు. ఆదివారము ప్రొద్దు గ్రుంకునప్పటికి ఆమె కొట్టువెనుక నీళ్లసీసాలు గుట్టయగును. పాతసామానుల ఆటోవాడు వచ్చి చూచి, "గాలిని మోసుకొని పోవడానికి నాకు కిరాయి ఎవరిస్తారమ్మా?" అని వెడలిపోవును. జమ్మలమడుగునకు దాదాపు పదునైదు కిలోమీటర్లు గదా! ఆమె బాధ నిజముగ చోటుబాధ. ఆమె సీసాలు పొడివి, ఒక్కజాతివి, అన్నము అంటనివి. ఇట్టిచోట నొక్కుయంత్రము తగును. అది ఒక్క యింటి గట్టుక్రింద నుండునది కాక, పది కొట్లవారికి కలిపి పంచాయతీ షెడ్డులో, మరచుట్టుతో చేత త్రిప్పునదైనను చాలును.

ఆ మాటయే మేము పదునొకండుగురము సంతకములు చేసి అర్జీగా వ్రాసి యిచ్చితిమి. జవాబు ఇంకను రాలేదు. ఈలోపల ఆమె కుమారుడు ఆదివారము సాయంకాలము సీసాల మూతలు తీసి, కాలితో త్రొక్కి, గాలి పోయినపిదప మరల మూతలు బిగించుచున్నాడు. ఎనిమిది గోనెలు పట్టెడి సీసాలు ఇప్పుడు రెండు గోనెలలో పట్టుచున్నవి, ఆటోవాడు ఆగుచున్నాడు.